ఇంట్లో మనిషి పోయినాక ప్రార్థన నోటికి రాకపోతే ఏం చేయాలి

మాది ప్రకాశం జిల్లా కొండపి పక్కన పల్లె. 2022 ఫిబ్రవరిలో, పొగాకు ఆకుని వేడితో ఆరబెట్టే బ్యారన్‌కి మంట పెట్టిన రోజుల్లో, మా ఆయన గుండెపోటుతో పోయారు. నలభై నాలుగేళ్లు. రాత్రి పొయ్యిలో కట్టెలు ఎగదోసి ఇంటికొచ్చి, ఛాతీ పట్టేసినట్టుందే అని మంచం మీద కూర్చున్నారు, 108 వచ్చేలోపే అయిపోయింది. నేను పుట్టిందీ పెరిగిందీ పెళ్లయిందీ అంతా చర్చిలోనే, సండేస్కూల్లో పిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని, వాక్యాలు బోలెడు కంఠతా వచ్చు, అయినా ఆ రాత్రి తర్వాత దగ్గర దగ్గర నాలుగు నెలలు నా నోట్లోంచి ఒక్క ప్రార్థన కూడా సరిగ్గా రాలేదు. మోకాళ్ల మీద కూర్చునేదాన్ని, ప్రభువా అనేదాన్ని, ఆ తర్వాత ఏమీ లేదు, గోడ చూస్తా కూర్చునేదాన్ని.

ఇప్పుడు ఎవరన్నా అట్టాంటి రోజుల్లో ఉంటే వాళ్లకోసం రాస్తున్నా. దేవుడు ఎందుకు తీసుకుపోయాడో నేను చెప్పలేను, ఎవరన్నా చెప్తామంటే నమ్మబాకండి కూడా. పొద్దున లేచిన కాడ్నించి రాత్రి పడుకునేదాకా ఏం చేస్తే ఆ రోజు గడిచింది, దేవుడి ఆదరణ నాకు ఏ దారుల్లో వచ్చింది, అంతవరకే చెప్తా.

ముందు ఏడవండి

మాకు భూస్థాపన అయిన సాయంత్రం నుంచే మొదలైంది. వచ్చిన ప్రతి ఒక్కరూ "ఏడవబాకమ్మా, ఆయన ప్రభువు కాడికి పోయాడు, విశ్వాసులం మనం ఏడవకూడదు" అని. వాళ్లది చెడ్డ మనసు కాదు, నన్ను చూసి తట్టుకోలేక అన్న మాట అది. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ నేను ఏడుపు మింగేదాన్ని, అది పోయి గుండెలో రాయిలాగా కూర్చునేది, రాత్రిళ్లు ఊపిరాడేది కాదు.

అందరూ ఎత్తిచూపే వాక్యం మొదటి థెస్సలొనీకయులకు 4వ అధ్యాయంలో 13వ వచనం. ఒకసారి తీసి నెమ్మదిగా చదవండి. "నిరీక్షణలేని ఇతరులవలె" దుఃఖపడొద్దు అని పౌలు రాశాడు, అసలు దుఃఖపడొద్దు అని ఎక్కడా రాయలా. మనకి తిరిగి కలుస్తాం అనే నిరీక్షణ ఉంది, ఆ నిరీక్షణ పెట్టుకునే ఏడుస్తాం. ఊరెళ్లే బిడ్డని బస్సెక్కించి, పండక్కి వస్తాడని తెలిసి కూడా ఏడవమా ఏంది.

ఇంకా గట్టిది యోహాను 11. యేసు ప్రభువు లాజరు సమాధి కాడికి వచ్చేటప్పటికే ఆయనకి తెలుసు తను లేపబోతున్నానని. ఇంకాసేపట్లో బతికే మనిషి కోసం ఎవరన్నా ఏడుస్తారా? ఆయన ఏడ్చాడు. "యేసు కన్నీళ్లు విడిచెను", 35వ వచనం, మన బైబిల్లో మూడే మూడు మాటలు అంతే, కానీ నన్ను ఆ నెలల్లో పట్టుకుని నిలబెట్టింది ఇదే. లాజరు తోబుట్టువు మరియ ఏడవటం చూసి ఆయన ఏడ్చాడు. ఏడవటం విశ్వాసం లేని పనైతే ఆయన చేసుండేవాడా. అబ్రాహాము శారా కోసం ఏడ్చాడు, మోషే కోసం జనమంతా ముప్పై రోజులు ఏడ్చారు, దావీదు అబ్షాలోము కోసం ఏడ్చిన ఏడుపు చదివితే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

కాబట్టి ఏడవటానికి ఒక చోటు పెట్టుకోండి. నాకు బ్యారన్ వెనక కట్టెల మోపుల కాడ. పిల్లలు స్కూలుకి పోయినాక పోయి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చేదాన్ని. పిల్లల ముందు అసలు ఏడవకూడదని కాదు, అది కింద చెప్తా, కానీ ఎవరూ ఓదార్చటానికి రాని చోటు ఒకటి కావాలి మనిషికి.

మొదటి పది రోజులు

ఈ రోజుల్లో వాక్యధ్యానం, ఉపవాసం, గంటల ప్రార్థన ఏవీ పెట్టుకోబాకండి. అన్నం తినండి, పడుకోండి. నేను తేలిగ్గా చెప్పటం లేదు, బైబిల్లోనే ఉంది. మొదటి రాజులు 19లో ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద పడి, ప్రభువా ఇక చాలు నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు ఆయనకి ప్రసంగం చెప్పలేదు, దూతని పంపించి నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాతో నీళ్లు పెట్టించాడు. తిన్నాడు, మళ్లీ నిద్రపోయాడు. దూత రెండోసారి వచ్చి లేపి మళ్లీ తినమన్నాడు. మాట్లాడటం ఆ తర్వాత, కొండకి చేరినాక. మీ ఇంటికి క్యారేజీ పట్టుకొచ్చిన పొరుగింటామెని ఆ దూత లాగా చూడండి, వద్దని పంపించబాకండి. నాలుగు ముద్దలైనా మింగండి, మజ్జిగ అన్నం అయినా సరే.

ఫోన్లు ఎత్తే పని తమ్ముడికో మరిదికో అప్పజెప్పండి. అదే మనిషికి కాగితాల పని కూడా ఇవ్వండి, మరణం నమోదు 21 రోజుల్లోపు చేయిస్తే డబ్బు కట్టక్కర్లేదు, పల్లెలో అయితే పంచాయతీ సెక్రటరీ కాడ, ఆలస్యమైతే ఫీజు పడుద్ది, తిరగటం ఎక్కువవుద్ది. డెత్ సర్టిఫికెట్ లేకపోతే బ్యాంకులో, ఇన్సూరెన్స్‌లో, పొలం పాస్‌పుస్తకం కాడ ఎక్కడా పని జరగదు. మన ఆంధ్రాలో భర్త పోయినవాళ్లకి పింఛను 2024 జూలై నుంచి నెలకి 4,000 చేశారు, అర్హత ఉంటే గ్రామ సచివాలయంలో అడగటానికి సిగ్గుపడొద్దు. ప్రార్థన గురించి చెప్తా కాగితాల గోల ఎందుకంటే, రేపు బియ్యం ఎట్టా అనే భయం ఉన్న మనసుకి వాక్యం ఎక్కదు, నాకు ఎక్కలేదు.

ఇంకోటి, ఆదరణ కూడిక, అంటే మనిషి పోయినాక పెట్టే ప్రార్థన కూడిక. మన వైపు ఇది పెద్ద ఖర్చు అయిపోయింది. షామియానా, మైకు, ఫ్లెక్సీ, మూడొందల మందికి బిర్యానీ, పక్కూరి నుంచి పేరున్న ప్రసంగీకుడు. అప్పు చేసి పెట్టినవాళ్లని చూశా, మనిషి పోయిన బాధ ఒకటి, ఏడాదంతా వడ్డీ కట్టే బాధ ఇంకోటి. ఈ మాట గట్టిగానే చెప్తున్నా, అప్పు చేయబాకండి. మీ అయ్యగారిని, అంటే పాస్టరు గారిని పిలిచి, మీ సంఘం వాళ్లు, దగ్గరి చుట్టాలు, ఒక కీర్తన, ఒక వాక్యం, పోయిన మనిషి గురించి నలుగురు నాలుగు మాటలు, పప్పన్నం, చాలు. మా కూడికలో నాకు గుర్తున్నది ప్రసంగం కాదు, బ్యారన్‌లో ఆయనతో కలిసి పనిచేసిన ఒకాయన లేచి "అన్న నాకు రెండుసార్లు కూలి ముందే ఇచ్చాడు, మా పాపకి జ్వరం వచ్చినప్పుడు" అని కూర్చున్నాడు, అంతే, అది ఇప్పటికీ నాకు అన్నం పెడతా ఉంది.

నోటికి ప్రార్థన రానప్పుడు

ఇది కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే పడిపోతారు. ప్రార్థన రావట్లేదు కాబట్టి నాకు విశ్వాసం పోయిందేమో అని భయపడతారు, ఆ భయంతో చర్చికి దూరమవుతారు.

మనకి చిన్నప్పటి నుంచి నేర్పింది స్తోత్రంతో మొదలుపెట్టే ప్రార్థన. అది మంచిదే. కానీ బైబిల్లో కీర్తనలు 150 ఉన్నాయి గదా, వాటిలో చాలా వాటికి మొదలే ఫిర్యాదు. 13వ కీర్తన తీయండి, ఆరే వచనాలు. మొదటి రెండు వచనాలు దేవుణ్ణి నిలదీయటమే, "ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు" అని. తర్వాత రెండు అడగటం, నన్ను చూడు, నా కళ్లకి వెలుగు ఇవ్వు అని. ఆఖరి రెండే నమ్మకం. ఈ వరసలోనే మీరు కూడా చేయొచ్చు, ముందు మీకు జరిగింది ఏందో ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పండి, తర్వాత ఈ రోజుకి ఏం కావాలో ఒక్కటి అడగండి, ఆఖర్న నమ్మకం మాట వస్తే అనండి, రాకపోతే వదిలేయండి. 88వ కీర్తన చూడండి, దాంట్లో ఆ ఆఖరి భాగం లేదు, చీకటే నాకు చుట్టమైంది అన్న మాటతోనే అయిపోతుంది. అట్టాంటి ప్రార్థన కూడా దేవుడు తన పుస్తకంలో ఉంచుకున్నాడంటే మన చీకటి ప్రార్థన ఆయన వినడా.

నేను చిన్నగా మొదలుపెట్టా. పాత లెక్కల నోటుబుక్కులో, కూలీల లెక్కల వెనక పేజీల్లో, రోజుకి ఒక్క వాక్యం రాసేదాన్ని. పెద్ద మాటలు కాదు. "ప్రభువా, ఇయ్యాల కరెంటు బిల్లు వచ్చింది, ఆయన పేరు మీదే ఉంది, చూడలేకపోయా." ఇంకో రోజు "నువ్వు ఇక్కడ ఉంటే నా మొగుడు చచ్చేవాడు కాదు." ఈ రెండోది రాసినాక వణికిపోయా, దేవుణ్ణి ఇట్టా అనొచ్చా అని, మూడు రోజులు ఆ నోటుబుక్కు తెరవలా. తర్వాత యోహాను 11 మళ్లీ చదువుతుంటే కనపడింది, లాజరు ఇంకో తోబుట్టువు మార్త అన్నది అచ్చంగా అదే మాట, "ప్రభువా, నీవిక్కడ ఉండిన యెడల నా సహోదరుడు చావకుండును." కాస్త సేపటికి మరియ వచ్చి మళ్లీ అదే అంది. ఆయన ఇద్దరిలో ఒక్కరిని కూడా తప్పుపట్టలేదు. కోపంగా ఉన్నా ఆయన దగ్గరికే వచ్చి అన్నారు గదా, ఆ రావటమే ప్రార్థన.

ఒక్క వాక్యం కూడా రాని రోజు ఉంటే వేరేవాళ్ల నోటితో చేయించుకోండి. మా అయ్యగారి భార్య, అమ్మగారు, రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ చేసి ఒక కీర్తన చదివి "ఆమేన్ అను చాలు" అనేది. నేను ఆమేన్ అనేదాన్ని. కొన్నిసార్లు అది కూడా లేదు, ఫోన్ చెవి కాడ పెట్టుకుని పడుకునేదాన్ని. రోమా 8:26లో ఉంది, మనం ఎట్టా ప్రార్థించాలో తెలియనప్పుడు ఆత్మ ఉచ్చరింపశక్యముకాని మూలుగులతో మన పక్షాన విజ్ఞాపన చేస్తాడని. మూలుగు కూడా లెక్కలోకి వస్తుందని తెలిసినాక నాకు బరువు సగం దిగింది.

ఆయన బైబిలు

మా ఆయన బ్యారన్ కాడ రాత్రి కాపలా ఉండేటప్పుడు బైబిలు తీసుకుపోయేవారు. ఏటా ఆదికాండం నుంచి మొదలుపెట్టి వరసగా చదవటం అలవాటు, కానీ ఏ ఏడూ ఆఖరి పుస్తకం ప్రకటన దాకా పోలేదు, ఆకు గ్రేడింగూ వేలం మొదలైతే ఆగిపోయేది. పోయిన మూడో నెలలో ఆ బైబిలు తెరిచా. అట్ట తీయంగానే పొగాకు వాసన, ఆకు వాసన కాదు, కాలిన తీపి వాసన, ఆయన చొక్కాల వాసన. పేజీల మధ్యలో ఆకు కర్రకి కట్టే నూలు దారం ముక్క గుర్తు పెట్టున్నారు. సంఖ్యాకాండం 14. ఆ పేజీ కింద మూల మీద బొటనవేలు జిగురు మరక ఉంది, గోధుమ రంగులో, గీతలు కూడా కనపడతా ఉన్నాయి. నేను ఆ మరక మీద నా వేలు పెట్టి ఎంతసేపు కూర్చున్నానో తెలీదు.

అక్కడి నుంచే చదవటం మొదలుపెట్టా. ఇష్టమైన వాక్యాలు వెతుక్కోలేదు, ఆయన ఆపిన చోటు నుంచి ఆయన బదులు నేను చదువుతున్నా అనుకున్నా. ఓదార్పు కోసం సంఖ్యాకాండం చదవమని ఎవరూ చెప్పరు, జనం లెక్కలు, సణుగుళ్లు, బలుల కొలతలు, సగం అర్థం కాలేదు. కానీ రోజూ ఒక పేజీ తిప్పటం అనే పని దొరికింది. అట్టా పోతా పోతా 20వ అధ్యాయం వచ్చింది, మొదటి వచనంలో మిర్యాము చనిపోయింది, ఆఖర్న అహరోను చనిపోయాడు, ఇశ్రాయేలు కుటుంబాలన్నీ ముప్పై రోజులు దుఃఖపడ్డారు అని ఉంది. మోషే ఒకే అధ్యాయంలో అక్కనీ అన్ననీ పాతిపెట్టాడు, మధ్యలో జనం నీళ్లు లేవని గొడవపెట్టుకుంటే వాళ్లకి నీళ్లు కూడా చూడాల్సొచ్చింది. ఇన్నేళ్లు చదివా, ఎప్పుడూ ఇట్టా కనపడలా.

మీ ఇంట్లో పోయినవాళ్ల బైబిలు ఉంటే అట్టాగే చేయమని నా సలహా. పెట్టెలో పెట్టి పూజించినట్టు దాచబాకండి. వాళ్లు గీతలు గీసిన చోట్లు చూడండి, ఎక్కడ ఆపారో అక్కడ నుంచి పట్టుకోండి. చదువు రాకపోతే ఫోన్లో ఆడియో బైబిలు తెలుగులో దొరుకుద్ది, పిల్లలతో పెట్టించుకోండి, మా అత్తమ్మ అట్టాగే వింటది.

జనం మాటలు

ఒకటి "అంతా దేవుని చిత్తం." రెండు "ఏదో పాపం ఉంటది." మూడు "విశ్వాసం గట్టిగా ఉంటే బతికేవాడు." మొదటిదాన్ని ప్రేమతో అంటారు, ఊరుకోండి. రెండోదీ మూడోదీ మాత్రం వినబాకండి. ఒక కూడికలో బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడు నన్ను చూస్తా, ఈ ఇంట్లో ఉపవాస ప్రార్థన ఉండుంటే మరణం గడప దాటేది కాదు అన్నాడు. నేను లేచి వంటింట్లోకి పోయా. తర్వాత యోబు గ్రంథం చదివి ధైర్యం తెచ్చుకున్నా. యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద ఊరికే కూర్చున్నారు, అదే వాళ్లు చేసిన మంచి పని. ఆ తర్వాత నోరు తెరిచి నీ పాపం వల్లే అని మొదలుపెట్టారు, ఆఖరికి 42:7లో దేవుడికి వాళ్ల మీద కోపం వచ్చింది. యోహాను 9లో శిష్యులు గుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపం అని అడిగితే వీడూ కాదు వీడి కన్నవాళ్లూ కాదు అన్నాడు ప్రభువు.

జవాబు చెప్పే ఓపిక ఉండదు మనకి ఆ రోజుల్లో, అందుకే ఒక మాట ముందే అనుకుని పెట్టుకోండి. నేను "వందనాలు అయ్యా, మా కోసం ప్రార్థన చేయండి" అని చేతులు జోడించి అక్కడి నుంచి లేచిపోయేదాన్ని. అంతకంటే ఎక్కువ వాళ్లకి బాకీ లేం.

ఆడవాళ్లకి ఇంకో బాధ ఉంది, రాయకపోతే మోసం చేసినట్టవుద్ది. మనం క్రైస్తవులం అంటాం, కానీ భర్త పోతే గాజులు తీయించటం, పెళ్లికి పిలిచి వెనక వరసలో కూర్చోబెట్టటం, కొత్త ఇంటి ప్రార్థనలో ముందు గడప తొక్కనివ్వకపోవటం మన ఇళ్లలో కూడా ఉన్నాయి. మా చుట్టాల పెళ్లిలో వధువుకి తలంబ్రాల పళ్లెం అందిస్తుంటే ఒకామె నా చేతిలోంచి మెత్తగా తీసుకుంది, ఏమీ అనలేదు, నవ్వింది కూడా. ఆ రాత్రి ఇంటికొచ్చి లూకా 2 చదివా. అన్న అనే ప్రవక్త్రి, పెళ్లయిన ఏడేళ్లకే భర్త పోయాడు, ఎనభై నాలుగేళ్ల విధవరాలు, దేవాలయంలో పసిబిడ్డగా ఉన్న ప్రభువు కాడికి వచ్చి అందరికీ ఆయన గురించి చెప్పింది. విధవరాలు అపశకునం అయితే దేవుడు ఆమెని ఆ రోజు అక్కడికి రానిచ్చేవాడా. మీ సంఘంలో ఇట్టాంటివి ఉంటే అయ్యగారితో ఒంటరిగా కూర్చుని చెప్పండి, మా అయ్యగారు విని తర్వాతి పెళ్లిలో నా చేతే ప్రార్థన చేయించారు. వణుకుతా చేశా. గాజులు నేను మూడో నెలలోనే మళ్లీ వేసుకున్నా.

పిల్లలకి ఎట్టా చెప్పాలి

మనకి మాట ఉంది, "ప్రభువునందు నిద్రించారు" అని. పెద్దవాళ్లకి అర్థమవుద్ది. మా బాబుకి అప్పుడు ఏడేళ్లు, నాయన నిద్రపోయాడు అని అందరూ చెప్పారు, వారం తర్వాత వాడు రాత్రి పడుకోటానికి భయపడతా కూర్చున్నాడు, "అమ్మా, నేను పడుకుంటే నన్ను కూడా పెట్టెలో పెడతారా" అన్నాడు. నా గుండె ఆగినంత పనైంది. ఆ రాత్రే వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పా, నాయన చనిపోయాడు, గుండె ఆగిపోయింది, శరీరానికి ఇక నొప్పి తెలీదు, అది మన సమాధుల తోటలో ఉంది, నాయన ప్రభువు దగ్గర ఉన్నాడు, ప్రభువు వచ్చే రోజున లేస్తాడు, నిద్ర వేరు ఇది వేరు, నువ్వు పొద్దున్నే లేస్తావు అని. అప్పుడు పడుకున్నాడు. చిన్నపిల్లలకి చనిపోవటాన్ని చనిపోవటం అనే చెప్పండి, దేవుడు మంచివాళ్లని తొందరగా తీసుకుపోతాడు అని మాత్రం అనబాకండి, పిల్లలు మంచిగా ఉండటానికి భయపడతారు.

వాళ్ల ముందు ఒకసారన్నా ఏడవండి. మా పాపకి పదమూడేళ్లు అప్పుడు, నేను ఏడవట్లేదని తనూ ఏడవకుండా బిగబట్టుకుంది, తర్వాత చెప్పింది.

కుటుంబ ప్రార్థన సంగతి. రోజూ రాత్రి పాట మొదలుపెట్టేది మా ఆయనే, గొంతు పెద్దది, శ్రుతి తప్పు, అయినా ఆయనే. పోయినాక చాప వేసి కూర్చుంటే ఎవరూ పాట ఎత్తలేదు. నలభై రోజులు పైన అట్టాగే, వాక్యం చదివి ఆమేన్ అని లేచేవాళ్లం. ఒక రోజు బాబు ఎత్తాడు, పల్లవి ఒక పాటది చరణం ఇంకో పాటది, పాప నవ్వింది, నవ్వుతా ఏడ్చింది, ముగ్గురం ఏడ్చాం, అత్తమ్మ పక్క గదిలోంచి అందుకుంది. తొందరపెట్టబాకండి, పాట దానంతట అది వచ్చేదాకా మాట్లాడకుండా చాప మాత్రం వేస్తా ఉండండి.

చర్చికి మళ్లీ పోవటం

మొదటి ఆదివారం వెనక, తలుపు పక్కన కూర్చోండి. పాటల అప్పుడు లేచి బయటకి రావాలనిపిస్తే రండి, చెట్టు కింద నిలబడి మళ్లీ లోపలికి పోండి. నాకు పాటలకంటే ప్రభువు బల్ల రోజు, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు, కష్టమైంది, ఎందుకంటే రొట్టె పళ్లెం ఆయనే పట్టుకొచ్చి నాకు ఇచ్చేవారు, సంఘ పెద్ద కాబట్టి. ఇంకొకరి చేతిలోంచి తీసుకోవటం రెండు నెలలు నా వల్ల కాలేదు. అయ్యగారికి చెప్తే ఇంటికే వచ్చి ఇచ్చారు. చెప్తేనే తెలుస్తుంది వాళ్లకి.

సాయం చేస్తామని అందరూ అంటారు, ఏదన్నా ఉంటే చెప్పు అంటారు, మనం చెప్పం. అందుకని మీరే ఒకరిని, ఒక రోజుని పట్టుకోండి. మా స్త్రీల సమాజంలో ఒక పెద్దామె ఉంది, ఆమె కొడుకు ఎప్పుడో 20 ఏళ్ల కింద బావిలో పడి పోయాడు. ఆమె ప్రతి గురువారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చేది. వాక్యం చెప్పేది కాదు, ఓదార్చేది కాదు. మా ఇంట్లో చింతపండు బుట్ట ముందేసుకుని గింజలు తీస్తా కూర్చునేది, నేనూ ఎదురుగా కూర్చుని తీసేదాన్ని. గింజ పళ్లెంలో టక్కున పడే శబ్దం తప్ప గంటసేపు ఇంకేం ఉండేది కాదు. నాలుగింటికి లేచి చీర దులుపుకుని "వస్తా తల్లీ, దేవుడున్నాడు" అని పోయేది. చింతపండు అయిపోతే మిరపకాయల తొడిమలు. రోమా 12:15లో ఏడ్చువారితో ఏడువుడి అని ఉంది గదా, నేను దాని అర్థం ఆమె చేతుల్లో చూశా.

సమాధుల తోట, కొండ

సమాధి కాడికి పోవచ్చా అని అడుగుతారు కొంతమంది, అక్కడేముంది అంటారు ఇంకొంతమంది. పోండి. రోజూ పోయి అక్కడే ఉండిపోవటం మంచిది కాదు గానీ, పోండి. క్యాథలిక్కులు నవంబరు 2న సమాధులకి సున్నం కొట్టి కొవ్వొత్తులు పెడతారు, మన వైపు చాలా పల్లెల్లో ఈస్టర్ తెల్లవారుజామున పోతారు. ఆ ఈస్టర్‌కి నేను పోయినప్పుడు సున్నం ఇంకా తడిగా ఉంది, చెప్పులకి అంటింది. యోహాను 20 చదివారు అయ్యగారు. లేచిన ప్రభువు మగ్దలేనే మరియని మొదట అడిగింది ఎందుకు ఏడుస్తున్నావు అని, తర్వాత పేరు పెట్టి పిలిచాడు, అప్పుడు ఆమె గుర్తుపట్టింది. ఎన్నో ఈస్టర్లు విన్నా గానీ, సమాధి కాడ నిలబడి విన్నది అదే మొదటిసారి. పునరుత్థానం అనే మాట నాకు అంతకుముందు పాఠం, ఆ రోజు నుంచి అవసరం.

వీలైతే ఒంగోలు ప్రార్థన కొండ ఒకసారి ఎక్కండి. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికా మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, మన తెలుగు విశ్వాసులు ముగ్గురు, మొత్తం ఐదుగురు ఆ కొండ మీద ఈ ప్రాంతం కోసం ప్రార్థన చేశారు. ఆయన తర్వాతి మిషనరీ క్లౌ దొర ఒంగోలుకి వచ్చింది 1866లో, అంటే పన్నెండేళ్ల తర్వాత. ఆ తర్వాత పదేళ్లకి ధాత కరువు. 1876 నుంచి 78 దాకా, జనం ఊళ్లకి ఊళ్లు ఆకలితో రాలిపోయారు, క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వే కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించారు, కూలి కోసం మతం మారారు అనే మాట రాకూడదని కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. కరువు తగ్గినాక 1878 జూలై 3న వెల్లంపల్లి కాడ గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చిన్నప్పుడు మాకు ఈ సంఖ్యని ఘనంగా చెప్పేవాళ్లు. ఇప్పుడు నేను వేరే సంగతి ఆలోచిస్తా, ఆ నీళ్లలో దిగినవాళ్లలో రెండేళ్ల కరువులో బిడ్డని పోగొట్టుకోని తల్లి ఎంతమంది ఉండుంటారు, భర్తని పూడ్చిపెట్టిన ఆడమనిషి ఎంతమంది ఉండుంటారు అని. మా జేజెమ్మల విశ్వాసం సుఖంగా ఉన్న రోజుల్లో వచ్చింది కాదు. పిల్లల్ని తీసుకుని ఆ కొండ ఎక్కినప్పుడు ఇదే చెప్పా వాళ్లకి.

డాక్టరు కాడికి ఎప్పుడు

నిద్ర వారాల తరబడి లేకపోయినా, తిండి పూర్తిగా మానేసినా, పిల్లల్ని చూసుకోలేకపోయినా, నేను కూడా పోతే బాగుండు అనే ఆలోచన రోజూ వస్తా ఉన్నా, ప్రార్థన సరిపోవట్లేదని సిగ్గుపడబాకండి, డాక్టరుని కలవండి. టెలి మానస్ అని ప్రభుత్వ ఫోన్ నంబరు ఉంది, 14416, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలనే ఆలోచన గట్టిగా ఉంటే ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పండి, ఒంటరిగా ఉండబాకండి, పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసి బయట పెట్టించండి, మన పొగాకు ఇళ్లలో అవి మంచం కిందే ఉంటాయి. నేను ఆరు నెలలు మాత్రలు వాడా. సువార్త రాసిన లూకాని పౌలు "ప్రియుడైన వైద్యుడు" అన్నాడు, కొలొస్సయులకు 4:14. దేవుడు డాక్టర్ల చేతుల్లోంచి కూడా ఇస్తాడు.

ఏడాది తర్వాత

మొదటి పెళ్లిరోజు, మొదటి క్రిస్మస్, మొదటి వర్ధంతి, ఇవి ముందు రోజే మనిషిని పట్టేస్తాయి. ఆ రోజుకి ఒక పని పెట్టుకోండి. నేను ఆయన వర్ధంతికి బ్యారన్ కూలీలకి అన్నం పెడతా, పప్పు, వంకాయ కూర, పెరుగు, అంతే. పోయిన ఏడు క్రిస్మస్‌కి మాత్రం నక్షత్రం కట్టలేకపోయా, పిల్లలే కట్టారు, అట్టాంటి ఏళ్లు కూడా వస్తాయి.

రెండో కొరింథీయులకు మొదటి అధ్యాయంలో ఉంది, దేవుడు మనల్ని ఆదరించిన ఆదరణతో మనం ఇతరుల్ని ఆదరించాలని. దానికి తొందర లేదు, మన గాయం పచ్చిగా ఉన్నప్పుడు వేరే ఇంటికి పోయి ఓదార్చబోతే ఇద్దరం మునుగుతాం. నాకు రెండేళ్లు పట్టింది. ఇప్పుడు ఎవరింట్లోనన్నా మనిషి పోతే మొదటి వారం పోను, అప్పుడు అందరూ ఉంటారు. నెల దాటినాక పోతా, ఇంటి ముందు చెప్పులు తగ్గినాక.

మా ఆయన దారం ఇంకా ఆ బైబిల్లోనే ఉంది. నెమ్మదిగా చదువుతా, కొన్ని నెలలు ఆగిపోయి మళ్లీ మొదలుపెడతా. ఈ రాత్రికి యిర్మీయా 31.